నీళ్లు ఎక్కువైన ఎడారి

1926లో ఈజిప్టు పడమటి ఎడారిలోని సివా ఒయాసిస్సులో మూడు రోజులు వాన పడింది. ఏడు వందల ఏళ్లుగా నిలబడ్డ ఊరు ఆ వానకు కరిగిపోయింది. షాలీ అనే ఆ కోట ఊరి గోడలన్నీ ఉప్పుతో కట్టినవి. ఉప్పు చెరువుల గట్ల మీద పేరుకున్న గడ్డల్ని పగలగొట్టి తెచ్చి, మధ్యలో బంకమన్ను మెత్తుతూ వరసలు పేర్చుకుంటూ పోతారు. ఆరితే బిగుసుకుపోతుంది. దాన్ని అక్కడివాళ్లు కర్షీఫ్ అంటారు. వేసవిలో గది చల్లగా ఉంటుంది, చలికాలం వెచ్చగా ఉంటుంది. ఏడాదికి సగటున 10 మిల్లీమీటర్ల వాన పడే చోట అంతకన్నా మంచి గోడ మరొకటి లేదు. ఆ మూడు రోజుల వాన మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు. జనం కొండ దిగి కింద ఇళ్లు కట్టుకున్నారు. ఇప్పుడు షాలీ చాలావరకు మొండిగోడలే. కొంత భాగాన్ని పాత పద్ధతిలోనే బాగు చేసి 2020లో తెరిచారు.

నేను అనంతపురం జిల్లాలో భూగర్భ జల శాఖలో పనిచేసి రిటైరైనదాన్ని. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానను నమ్ముకున్న ఊళ్లలో, వెయ్యి అడుగులు బోరు దించినా దుమ్ము తప్ప ఏమీ పైకి రాకపోతే, ఆ రైతు ముఖం చూడలేక తల తిప్పుకున్న రోజులు నాకు చాలా ఉన్నాయి. మా అబ్బాయికి కైరోలో ఉద్యోగం వచ్చాక అందరూ పిరమిడ్లు చూసి రమ్మన్నారు. నేను సివా చూపించమని అడిగాను. వానే లేని నేలలో నీరు తనంతట తానే ఎగదన్ని వస్తుందని ఉద్యోగంలో చేరకముందే చదివాను. అది కళ్లారా చూడాలన్న కోరిక అప్పటిది.

దారి తేలిక కాదు. కైరో నుంచి ముందు మధ్యధరా తీరంలోని మర్సా మత్రూహ్ చేరాలి. అక్కణ్ణుంచి దక్షిణానికి తిరిగి 300 కిలోమీటర్ల ఎడారి రోడ్డు. మొత్తం సుమారు 750 కిలోమీటర్లు, బస్సులో అయితే ఒక రాత్రంతా ప్రయాణం. లిబియా సరిహద్దు సివాకు 50 కిలోమీటర్ల దూరంలోనే ఉంది కాబట్టి దారి పొడవునా చెక్‌పోస్టులు ఉంటాయి. పాస్‌పోర్టు చేతికి అందేలా పెట్టుకోవాలి. ఈ తారురోడ్డు 1980లలో వచ్చింది. అంతకుముందు ఒంటెల బిడార్ల దారే. మత్రూహ్ దాటాక చెట్టూ చేమా లేని రాళ్ల బయలు. చివర్లో నేల దిగడం మొదలవుతుంది, ఒక మలుపు దగ్గర కిందంతా ఖర్జూరం తోపులు కనిపిస్తాయి. సముద్రమట్టానికి దాదాపు 18 మీటర్లు దిగువన, తూర్పు పడమరలుగా 80 కిలోమీటర్ల పొడవున పరుచుకున్న పళ్లెంలాంటి పల్లం అది. ఆ పల్లం సంగతి గుర్తుంచుకోండి, సివా కష్టసుఖాలన్నీ దాన్నిబట్టే ఉన్నాయి.

చరిత్ర ఇష్టమున్నవాళ్లకు అఘుర్మీ గుట్ట మీది అమున్ దేవుడి గుడి ఉంది. ఇక్కడ చెప్పే సోదె కోసమే క్రీ.పూ. 331లో అలెగ్జాండర్ ఎడారి దాటి వచ్చాడు. ఊరి పక్కనే జబల్ అల్ మౌతా అనే గుట్టలో ప్రాచీన సమాధులు ఉన్నాయి. 1940లో బాంబుదాడులకు భయపడి జనం ఆ గుట్టలో తలదాచుకున్నప్పుడు, రంగుల బొమ్మలతో ఉన్న సీ అమున్ సమాధి బయటపడింది. ఆ రంగులు నేటికీ వెలిసిపోలేదు.

నా కళ్లు మాత్రం నీళ్ల మీదే ఉన్నాయి. క్లియోపాత్రా స్నానాల కొలను అని టూరిస్టులకు చూపించే ఊటకు క్లియోపాత్రాతో సంబంధం ఉందో లేదో గానీ, ఊట మాత్రం నిజం. గుండ్రంగా రాతికట్టు, అడుగు నుంచి ఆగకుండా బుడగలు. మోటారు లేదు, పైపు లేదు. గట్టు మీద కూర్చుని ఆ బుడగల్ని ఎంతసేపు చూశానో నాకే తెలియదు.

ఆ నీరు వచ్చే తీరు ఇది. కింద, ఎంతో లోతున నూబియన్ ఇసుకరాయి పొరలు ఉన్నాయి. ఈజిప్టు, లిబియా, సూడాన్, చాడ్ దేశాల కింద 20 లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా వ్యాపించిన ఈ రాతిలో సుమారు 1,50,000 ఘన కిలోమీటర్ల నీరు ఉందని అంచనా. సహారాలో వానలు కురిసి గడ్డిమైదానాలు ఉన్న వేల, లక్షల ఏళ్ల కిందటి నీరు అది. దాని పైన పగుళ్లున్న సున్నపురాయి పొర. అడుగు నీరు ఒత్తిడికి పగుళ్లలోకి ఎక్కి, పల్లంలో నేల పలచబడ్డ చోట ఊటగా పైకి వస్తుంది. అడుగు పొర నీరు తియ్యన. ఈజిప్టు నలుమూలలా అమ్మే సివా నీళ్ల సీసాలు ఆ లోతుబావుల నీళ్లే. పైపొర నీరు కాస్త ఉప్పన.

పూర్వం ఈ ఊటల నీటిని వంతులు వేసుకుని తోటలకు పారించేవారు. వంతులకు కొలత కాలమే. పగలు సూర్యుణ్ణి, రాత్రి నక్షత్రాలను చూసి మడవ మార్చేవారు. నీటి వంతు కూడా నేలలాగే వారసులకు దక్కే ఆస్తి. రోడ్డు వచ్చాక ఖర్జూరానికీ ఆలివ్‌కూ బయటి గిరాకీ వచ్చింది, తోటలు పెరిగాయి. పైపొరలోకి బావులు తవ్వడం తేలిక కావడంతో వాటి సంఖ్య వెయ్యి దాటింది. వాటిలో చాలావాటికి మూత లేదు, వాల్వు లేదు. పగలూ రాత్రీ నీళ్లు పారుతూనే ఉండేవి. తోటకు సరిపోగా మిగిలిన నీరు పల్లంలోకే చేరాలి, ఎందుకంటే బయటికి వెళ్లే దారి లేదు. చెరువుల్లో చేరిన నీటిని ఎండ ఆవిరి చేస్తుంది, ఉప్పు మిగిలిపోతుంది. ఏటా చెరువులు పెరిగాయి, నేలలో నీటిమట్టం వేర్లదాకా వచ్చింది.

మమ్మల్ని తిప్పిన కుర్రాడు అక్కడి అమాజీఘ్ (బెర్బర్) కుటుంబంవాడు. పెద్దవయసు ఆడవాళ్లను పిలిచే తీరులో నన్ను ‘హజ్జా’ అనేవాడు. ఒకచోట బండి ఆపి, నీళ్లలో మొదళ్లు మునిగి తలలు ఎండిపోయిన ఖర్జూరం చెట్ల వరసను చూపించాడు.

“హజ్జా, ఇది మా తాత తోట. ఆయన కాలంలో చెరువు అదిగో, ఆ గట్టుకు అవతల ఉండేది.”

నీటిలో ఉప్పు కొలవడానికి నేను వెంట తీసుకెళ్లిన చిన్న మీటరును ఊట దగ్గర ముంచాను, తోట చివరి మురుగు కాలవలోనూ ముంచాను. రెండు అంకెలకూ పొంతనే లేదు. గట్టున తెల్లగా పొంగిన నేలను వేలితో గీకి చూస్తే మన చౌడే. సాగర్ కింద, తుంగభద్ర కాలవల కింద నీరు ఎక్కువై మురుగు పోయే దారిలేక పాడైన పొలాలను చూసినవాళ్లకు ఆ తెలుపు కొత్త కాదు. నీళ్లు లేక చెట్టు చస్తే జనానికి అర్థమవుతుంది. నీళ్లు ఎక్కువై చస్తోందంటే, పైగా సహారాలో, ఎవరూ నమ్మరు. ఆ నీరు మళ్లీ నిండేది కూడా కాదు. నాకు అక్కడ కలిగిన బాధ అదే. ఇటీవలి ఏళ్లలో ప్రభుత్వం పైపొర బావులను మూసి, వాటి బదులు వాల్వులున్న లోతుబావులు ఇస్తోంది. మురుగును పల్లం దాటించి ఎడారిలోని మరో లోతట్టుకు కాలవలో పంపే పని చేపట్టింది. పాతికేళ్ల ముందే మొదలుకావలసిన పని. అయినా మొదలైనందుకు సంతోషించాను.

ఆ తోటల్ని ఒకసారి చూస్తే ఎందుకు కాపాడుకోవాలో తెలుస్తుంది. పైన ఖర్జూరం నీడ, ఆ నీడలో ఆలివ్, దానిమ్మ, అంజూర, అన్నిటి కిందా గాడిదలకూ మేకలకూ లూసర్న్ గడ్డి. ఒకే నీటితో మూడు అంతస్తుల సేద్యం. ఈ ఖర్జూర సాగు పద్ధతిని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2016లో ప్రపంచ వ్యవసాయ వారసత్వాల జాబితాలో చేర్చింది. కోతల కాలంలో వెళ్తే తోటలోనే పళ్లు కొనండి. మెత్తని సయీదీ రకం బాగా అమ్ముడుపోతుంది. నా నోటికి మాత్రం ఫ్రేహీ రుచి.

ఇసుక చూడాలనుకునేవాళ్లకు ఊరి దక్షిణపు అంచు నుంచే మహా ఇసుక సముద్రం మొదలవుతుంది. విస్తీర్ణం సుమారు 72,000 చదరపు కిలోమీటర్లు. అనుమతిపత్రం లేకుండా వెళ్లనివ్వరు, ఫోర్ వీల్ బండి, స్థానిక డ్రైవరు తప్పనిసరి. దిబ్బలెక్కే ముందు డ్రైవర్లు టైర్లలో గాలి తగ్గిస్తారు. ఆ దిబ్బల మధ్య బీర్ వాహెద్ అనే వేడినీటి కొలను ఉంది. చమురు కోసం తవ్వితే పడిన నీరు అది. ఆ చుట్టుపక్కల నేల మీద సముద్రపు గుల్లల శిలాజాలు దొరుకుతాయి. చూసి అక్కడే వదిలేయండి.

వెళ్లడానికి నవంబరు నుంచి మార్చి దాకా మంచి కాలం. రాత్రులు గట్టి చలి, స్వెట్టరు ఉండాలి. చేతిలో నగదు పెట్టుకోండి. ఊరు సంప్రదాయం మీద నిలబడ్డది. పెళ్లయిన ఆడవాళ్లు ముఖం కప్పుకుని, తర్ఫొత్తెత్ అనే నీలపు దుప్పటి కప్పుకునే బయటికి వస్తారు. వాళ్లను ఫొటో తీయకూడదు. మనమూ ఒంటినిండా బట్టలతో తిరగడం మర్యాద.

వీలైతే అక్టోబరు పౌర్ణమికి వెళ్లండి. పూర్వం ఊళ్లో తూర్పువాళ్లకూ పడమటివాళ్లకూ మధ్య ఏళ్ల తరబడి కొట్లాటలు జరిగి, చివరికి రాజీ కుదిరింది. ఆ రాజీకి గుర్తుగా కోతలయ్యాక దక్రూర్ కొండ దగ్గర మూడు రోజులు సియాహా పండగ చేస్తారు. ఏడాదిలో మాటలు లేనివాళ్లు అక్కడ కలిసి తినాలి. రొట్టె ముక్కలు, అన్నం, మాంసం కలిపిన ఫత్తాను పెద్ద పళ్లేలలో వడ్డిస్తారు, ఉన్నవాడూ లేనివాడూ నేల మీద గుంపులుగా కూర్చుని ఒకే పళ్లెంలో చేతులు పెడతారు. బయటివాళ్లనూ పిలుస్తారు. ఆ రోజుల్లో గదులు దొరకడం కష్టం, ముందే మాట్లాడుకోవాలి.