నాలుగేళ్ల బృందంలో ఒక తెలుగు గొంతు

వలస వెళ్ళిన తెలుగువారి చరిత్రలో సూరత్ వస్త్ర పరిశ్రమ ప్రాంతాలతో పాటు న్యూయార్క్ సంగీత వేదికలకూ చోటు ఉండాలి. ఎందుకంటే అక్కడ 2008 నుంచి 2012 వరకు మాత్రమే నిలిచిన ‘దాస్ రేసిస్ట్’ అనే హిప్‌హాప్ బృందంలోని ముగ్గురిలో ఒకరైన అశోక్ కొండబోలు తెలుగు దంపతుల కుమారుడు.

మిగతా ఇద్దరు, విక్టర్ వాస్క్వెజ్, పంజాబీ మూలాలున్న హిమాంశు సూరి, వెస్లియన్ విశ్వవిద్యాలయంలో కలుసుకోగా, సూరికి స్టైవెసెంట్ హైస్కూలు నాటి మిత్రుడైన అశోక్ ‘హైప్ మ్యాన్’గా, అంటే ప్రధాన గాయకుల మాటలకు ఊతమిస్తూ శ్రోతలను ఉత్సాహపరిచే సహగాయకుడిగా చేరారు. ఒకే కప్పు కింద నడిచే రెండు ఫాస్ట్‌ఫుడ్ దుకాణాల పేర్లను పదేపదే పలికే పాటతో బృందానికి గుర్తింపు వచ్చింది. కొందరు దానిని వట్టి అల్లరిగా కొట్టిపారేశారు గాని, 2010లో విడుదలైన రెండు మిక్స్‌టేపులను, అంటే సాధారణంగా ఉచితంగా పంచిపెట్టే పాటల సంకలనాలను, విన్నవారికి జాతి వివక్షపైనా, వలస కుటుంబాల పిల్లలను అమెరికా చూసే తీరుపైనా వీరు సంధించిన పదునైన విమర్శ స్పష్టమవుతుంది. ఈ బృందపు అసలు సాధన అదే.

2011లో ‘రిలాక్స్’ అనే ఆల్బమ్ వెలువడింది. 2012 చివర మ్యూనిక్ వేదికపై బృందం విడిపోయిందని సూరి ప్రకటించారు. ఆ తర్వాత అశోక్, హాస్య కళాకారుడైన తన అన్న హరి కొండబోలుతో కలిసి పాడ్‌కాస్ట్ నిర్వహించారు.