అధిక రిజల్యూషన్ కంప్యూటర్ తెరల ఎంపిక

కంప్యూటర్ మానిటర్ లేదా కంప్యూటర్ తెర అనేది కంప్యూటర్ ఇచ్చే ఫలితాన్ని కంటికి కనిపించే విధంగా చూపే పరికరం. తెర మీది బొమ్మ అంతా పిక్సెళ్ళు అనే అతి చిన్న చుక్కలతో ఏర్పడుతుంది. అడ్డంగా ఎన్ని, నిలువుగా ఎన్ని పిక్సెళ్ళు ఉన్నవో తెలిపే కొలతను రిజల్యూషన్ అంటారు. 2560×1440 లేదా అంతకు మించిన రిజల్యూషన్ గల తెరలను సాధారణంగా అధిక రిజల్యూషన్ తెరలుగా వ్యవహరిస్తారు. ఒకే పరిమాణం, ఒకే రిజల్యూషన్ కలిగి ఉండి, ధరలో మాత్రం రెండింతల తేడా గల తెరలు అంగడిలో అనేకం లభిస్తున్నవి. వీటిలో ఏది తగినదో తెలుసుకొనుటకు పెట్టె మీద ముద్రించిన రిజల్యూషన్ ఒక్కటే చాలదు. పిక్సెల్ సాంద్రత, తెరలోని పలక రకం, కంప్యూటరుతో అనుసంధానం, అక్షరాలను పెంచి చూపే విధానం అనే నాలుగింటినీ కలిపి చూడవలసి ఉంటుంది. తెలుగు లిపిని రోజంతా చదివేవారికి, టైపు చేసేవారికి, అచ్చుతప్పులు దిద్దేవారికి ఈ ఎంపిక మరింత ముఖ్యమైనది.

చరిత్ర

2001లో ఐబీఎం సంస్థ టీ220 అనే 22.2 అంగుళాల తెరను విడుదల చేసినది. దాని రిజల్యూషన్ 3840×2400. అంటే అంగుళానికి సుమారు 204 పిక్సెళ్ళు. ఆ కాలపు కేబుల్ ఒక్కటి అంత సమాచారాన్ని మోయలేకపోవడం వలన ఒకే తెరకు పలు డీవీఐ కేబుళ్ళు తగిలించవలసి వచ్చేది. 2004లో ఆపిల్ సంస్థ 2560×1600 రిజల్యూషన్ గల 30 అంగుళాల సినిమా డిస్‌ప్లేను తెచ్చినది. దీనికి డ్యూయల్ లింక్ డీవీఐ అవసరమైనది. 2010 తరువాత 27 అంగుళాల 2560×1440 తెరలు విరివిగా వాడుకలోకి వచ్చినవి.

3840×2160 రిజల్యూషన్‌ను 4కె అంటారు. ఈ రకం తెరలు డెస్క్‌టాప్ కంప్యూటర్లకు 2013లో రావడం మొదలైనది. ఆసుస్ పీక్యూ321, డెల్ యూపీ2414క్యూ వంటి తొలి నమూనాలు సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చుటకు తెరను రెండు భాగాలుగా విభజించి, కంప్యూటరుకు రెండు తెరల వలె కనిపించేవి. 2014లో ఆపిల్ ఐమాక్ ద్వారా 27 అంగుళాల 5120×2880 తెర వచ్చినది. దీనిని 5కె అంటారు.

పిక్సెల్ సాంద్రత

ఒక అంగుళం పొడవున ఉండే పిక్సెళ్ళ సంఖ్యను పిక్సెల్ సాంద్రత అంటారు. దీనిని లెక్కించుటకు అడ్డు పిక్సెళ్ళ వర్గాన్ని, నిలువు పిక్సెళ్ళ వర్గాన్ని కూడి, వచ్చిన మొత్తానికి వర్గమూలం తీసి, దానిని తెర మూలల మధ్య కొలతతో భాగించవలెను. ఉదాహరణకు 27 అంగుళాల 4కె తెరకు వర్గమూలం సుమారు 4406. దీనిని 27తో భాగిస్తే సాంద్రత 163 వస్తుంది.

ఆరోగ్యవంతమైన కన్ను సాధారణంగా డిగ్రీలో అరవయ్యో వంతు కోణంలో ఉన్న వివరాన్ని గుర్తించగలదు. కంటి వైద్యులు 6/6 అని రాసే చూపునకు ఇదే ఆధారం. ఈ లెక్క ప్రకారం ఒక్కొక్క తెరలో ఎంత దూరం దాటిన తరువాత పిక్సెళ్ళు విడివిడిగా కనబడవో చెప్పవచ్చును.

* 24 అంగుళాలు, 1920×1080: సాంద్రత 92, దూరం సుమారు 95 సెం.మీ.
* 27 అంగుళాలు, 2560×1440: సాంద్రత 109, దూరం సుమారు 80 సెం.మీ.
* 32 అంగుళాలు, 3840×2160: సాంద్రత 138, దూరం సుమారు 63 సెం.మీ.
* 27 అంగుళాలు, 3840×2160: సాంద్రత 163, దూరం సుమారు 54 సెం.మీ.
* 27 అంగుళాలు, 5120×2880: సాంద్రత 218, దూరం సుమారు 40 సెం.మీ.

బల్ల మీది తెరకు, కంటికి మధ్య దూరం సాధారణంగా 50 నుండి 70 సెం.మీ. ఉంటుంది. కనుక 2560×1440 తెరలో పిక్సెళ్ళ అంచులు కొంత కనబడతాయి. 27 అంగుళాల 4కె తెరలో దాదాపు కనబడవు. ఇది సగటు లెక్క మాత్రమే. చూపు చురుకుగా ఉన్నవారు ఇంతకంటే సూక్ష్మమైన తేడాలను కూడా గుర్తించగలరు. 32 అంగుళాల తెర పెద్దదే అయినప్పటికీ, దాని రిజల్యూషన్ 2560×1440 అయితే సాంద్రత 92 మాత్రమే; అంటే 24 అంగుళాల సాధారణ తెరతో సమానం.

తెలుగు లిపికి గల ప్రత్యేక అవసరం

రోమన్ లిపిలో అక్షరం చాలావరకు ఒకే అంతస్తులో ఉంటుంది. తెలుగు అక్షరానికి మూడు అంతస్తులు అవసరమవుతాయి: నడుమ హల్లు, పైన తలకట్టు లేదా గుణింతపు గుర్తు, కింద వత్తు. "రాష్ట్రం", "స్వాతంత్ర్యం" వంటి మాటలలో ఒకే హల్లుకు రెండు వత్తులు వస్తాయి. అంగుళానికి 96 పిక్సెళ్ళు గల తెర మీద 10 పాయింట్ల అక్షరానికి నిలువున సుమారు 13 పిక్సెళ్ళు మాత్రమే లభిస్తాయి. ఈ 13 పిక్సెళ్ళను మూడు అంతస్తులు పంచుకొనవలసి వచ్చినప్పుడు వత్తుకు నాలుగైదు కంటే మిగలవు.

"ద", "ధ" అక్షరాల మధ్య, "ప", "ఫ" అక్షరాల మధ్య తేడా ఒక చిన్న గీత మాత్రమే. ఆ గీత ఒక పిక్సెల్ కంటే సన్ననైనప్పుడు అది బూడిద రంగు మరకగా మారుతుంది. చదివేవారు సందర్భాన్ని బట్టి మాటను ఊహించుకొని ముందుకు సాగుతారు. కథ చదివేవారికి దీని వలన పెద్ద నష్టం లేదు. పుస్తకాన్ని, ఓటరు జాబితాను, దస్తావేజును దిద్దేవారికి మాత్రం తప్పు కంటపడకుండా జారిపోతుంది. 150 శాతం పెంచి చూపే 4కె తెర మీద అదే అక్షరానికి 20 పిక్సెళ్ళు, 200 శాతం పెంచి చూపే తెర మీద సుమారు 27 పిక్సెళ్ళు లభిస్తాయి. గౌతమి, నిర్మల యూఐ, పోతన 2000 వంటి ఏ ఫాంటు వాడినప్పటికీ ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

అక్షరాలను పెంచి చూపే విధానం

27 అంగుళాల 4కె తెరను పెంపు లేకుండా వాడితే అక్షరాలు మరీ చిన్నవిగా కనబడతాయి. అందువలన విండోస్‌లో సాధారణంగా 150 శాతం పెంపు వాడతారు. అప్పుడు తెర మీద పట్టే విషయం 2560×1440 తెర మీద పట్టేదానితో సరిగ్గా సమానమవుతుంది. అంటే 4కె తెర కొన్నవారికి అదనంగా లభించేది చోటు కాదు, అక్షరాల స్పష్టత. ఈ విషయం తెలియక, ఎక్కువ కిటికీలు ఒకేసారి తెరచి ఉంచవచ్చునని 27 అంగుళాల 4కె తెర కొని నిరాశపడడం కద్దు. ఎక్కువ చోటు కావలసినవారికి 32 అంగుళాల 4కె తెర అనుకూలం.

మాక్ కంప్యూటర్లలో విధానం వేరు. ఇదే చోటు కావాలని కోరినప్పుడు మాక్ మొదట 5120×2880 బొమ్మను తయారు చేసి, దానిని 3840×2160కు కుదిస్తుంది. కుదింపు వలన అంచులు కొద్దిగా మెత్తబడతాయి. 5కె తెరలో ఈ కుదింపు అవసరం ఉండదు. కనుక విండోస్ వాడేవారికంటే మాక్ వాడేవారికి 5కె తెర వలన కలిగే మేలు ఎక్కువ.

పలక రకాలు

* టీఎన్: చవకైనది. పక్క నుండి, కింది నుండి చూసినప్పుడు రంగులు మారుతాయి.
* ఐపీఎస్: 1996లో హిటాచీ సంస్థ అభివృద్ధి చేసినది. ఏ కోణం నుండి చూసినా రంగులు నిలకడగా ఉంటాయి. వెలుగు నలుపుల నిష్పత్తి సాధారణంగా 1000:1 ఉంటుంది. చీకటి గదిలో నలుపు కొంత బూడిదగా కనిపిస్తుంది.
* వీఏ: నిష్పత్తి 3000:1 లేదా అంతకు మించి ఉంటుంది. నలుపు బాగుంటుంది కాని, పక్క నుండి చూస్తే రంగులు కొంత పాలిపోతాయి.
* ఓఎల్ఈడీ: ప్రతి పిక్సెల్ తనంతట తానే వెలుగుతుంది కనుక నలుపు పూర్తిగా నలుపే. ఒకే బొమ్మ గంటల తరబడి కదలకుండా ఉంటే దాని ముద్ర శాశ్వతంగా మిగిలిపోయే ప్రమాదం కలదు. పలు నమూనాలలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఉపపిక్సెళ్ళ అమరిక మామూలు వరుసలో ఉండదు. అందువలన అక్షరాల అంచున రంగు మరకలు కనిపించవచ్చును.

రాత పనికి ఐపీఎస్, సినిమాలకు వీఏ లేదా ఓఎల్ఈడీ తగినవని స్థూలంగా చెప్పవచ్చును. కొన్ని తెరలు వెలుగు తగ్గించుటకు వెనుక దీపాన్ని అతి వేగంగా ఆర్పి వెలిగిస్తాయి. ఈ మినుకు కంటికి తెలియకపోయినప్పటికీ, కొందరికి కంటి అలసట, తలనొప్పి కలిగిస్తుంది.

అనుసంధానం

4కె బొమ్మను సెకనుకు 60 సార్లు పంపుటకు, ఒక్కొక్క పిక్సెల్‌కు 24 బిట్ల చొప్పున, సెకనుకు సుమారు 12 గిగాబిట్లు అవసరం. 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4 మోయగలిగిన గరిష్ఠ మొత్తం 10.2 గిగాబిట్లు. కనుక దాని ద్వారా 4కె బొమ్మ సెకనుకు 30 సార్లు మాత్రమే మారుతుంది. మౌస్ బాణం కుదుపులతో కదులుతుంది. 2013లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.0, 2010లో వచ్చిన డిస్‌ప్లేపోర్ట్ 1.2 ఈ పనికి సరిపోతాయి. పాత ల్యాప్‌టాప్ గలవారు కొత్త తెర కొనే ముందు దాని హెచ్‌డీఎంఐ ఏ తరానిదో చూసుకొనవలెను. యూఎస్‌బీ-సీ రంధ్రం ఉన్నంత మాత్రాన బొమ్మ వస్తుందని చెప్పలేము. ఆ రంధ్రానికి డిస్‌ప్లేపోర్ట్ సంకేతాన్ని పంపే వీలు కూడా ఉండవలెను.

ఒకే పలక, వేర్వేరు పేర్లు

తెరల మీద కనిపించే పేర్లు అనేకమైనప్పటికీ, పలకలను తయారు చేసే సంస్థలు కొన్ని మాత్రమే. ఆపిల్ 27 అంగుళాల తెరలో వాడిన ఎల్‌జీ డిస్‌ప్లే పలక, 2012 ప్రాంతంలో దక్షిణ కొరియా నుండి క్యాట్‌లీప్, షిమియాన్ వంటి పేర్లతో చాలా తక్కువ ధరకు వచ్చిన తెరలలో కూడా ఉండేది. అయితే ఆ చవక తెరలలో పలు నమూనాలకు డ్యూయల్ లింక్ డీవీఐ తప్ప మరొక అనుసంధానం లేదు. తక్కువ రిజల్యూషన్ బొమ్మను తెర నిండా పెంచి చూపే చిప్ కూడా వాటిలో ఉండేది కాదు. పలక ఒకటే అయినా, ధరలోని తేడా కర్మాగారంలో జరిగిన రంగుల సవరణకు, ఎత్తు మార్చుకొనే కాలుకు, అనుసంధానాలకు, పూచీకి సంబంధించినదని దీనివలన గ్రహించవచ్చును.

లోపపు పిక్సెళ్ళు

2001లో వెలువడిన ఐఎస్ఓ 13406-2 ప్రమాణం, రెండవ తరగతి తెరలలో ప్రతి పది లక్షల పిక్సెళ్ళకు ఎప్పుడూ వెలిగి ఉండేవి రెండు, ఎప్పుడూ ఆరి ఉండేవి రెండు అనుమతించినది. 4కె తెరలో సుమారు 83 లక్షల పిక్సెళ్ళు ఉంటాయి. అదే నిష్పత్తిలో చూస్తే ఒక్కొక్క రకానికి 16 వరకు లోపాలు ఉండవచ్చును. 2008లో ఈ ప్రమాణం స్థానంలో ఐఎస్ఓ 9241-307 వచ్చినది. పిక్సెళ్ళ సంఖ్య పెరిగిన కొద్దీ లోపాలకు అవకాశం కూడా పెరుగుతుంది కనుక, ఎన్ని లోపాలుంటే తెరను మార్చి ఇస్తారో కొనే ముందే పూచీ పత్రంలో చూడవలెను.

ఎంపిక క్రమం

# కూర్చునే చోటు నుండి తెర ఉండే చోటికి దూరం కొలిచి, పై పట్టికతో పోల్చవలెను.
# కంప్యూటరుకు గల అనుసంధానం ఆ రిజల్యూషన్‌ను సెకనుకు 60 సార్లు పంపగలదో లేదో నిర్ధారించుకొనవలెను.
# దుకాణంలో ప్రదర్శన చిత్రాలకు బదులుగా, రోజూ వాడే ఫాంటులో, రోజూ చదివే పరిమాణంలో ఒక తెలుగు పుట తెరచి "ద", "ధ" అక్షరాలు, జంట వత్తులు విడిగా కనిపిస్తున్నవో లేదో చూడవలెను.
# తెర నిండా తెలుపు, తరువాత నలుపు ఉంచి మూలలలో మరకలను, వెలుగు చిమ్మడాన్ని పరిశీలించవలెను.
# మిగిలిన నమూనాలను పలక రకం, కాలు, పూచీ ఆధారంగా పోల్చి, చివరగా ధర చూడవలెను.

రోజులో ఎక్కువ భాగం అక్షరాలు చదివేవారికి 27 అంగుళాల 4కె ఐపీఎస్ తెర సాధారణంగా తగినది. ఆటలు ఆడేవారికి, పాత గ్రాఫిక్స్ కార్డు గలవారికి 2560×1440 తెర మేలు. దానిలోని 37 లక్షల పిక్సెళ్ళను నింపుటకు పట్టే శ్రమ, 4కె తెరకు పట్టే శ్రమలో సగం కంటే తక్కువ.

ఇవి కూడా చూడండి

* కంప్యూటర్
* పిక్సెల్
* తెలుగు లిపి