సబ్‌ఫ్రేమ్ బుష్‌లు మారిస్తే కారు నడకలో ఏం మారుతుంది?

టైర్లు కొత్తవి, షాక్ అబ్జార్బర్లు కొత్తవి, అలైన్‌మెంట్ కూడా చేయించారు. అయినా మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే కారు వెనక భాగం పక్కకు జరిగినట్టుంటుంది. పాత బీఎండబ్ల్యూ ఈ46 నడిపేవాళ్లకు ఇది బాగా తెలిసిన బాధ. అలైన్‌మెంట్ చూసేది కారు నిలబడి ఉన్నప్పుడు. తేడా వచ్చేది కదిలేటప్పుడు.

ఈ కారులో వెనక చక్రాలను అడ్డంగా పట్టుకునే ఆర్మ్‌లు, డిఫరెన్షియల్ ఒకే ఉక్కు చట్రానికి బిగించి ఉంటాయి. అదే సబ్‌ఫ్రేమ్. అది బాడీకి నాలుగు చోట్ల, రబ్బరు బుష్‌ల మీదుగా బోల్టులతో బిగుస్తుంది.

మరి మధ్యలో రబ్బరు ఎందుకు? గేర్ల రొద, రోడ్డు మోత లోపల కూర్చున్నవాళ్ల దాకా రాకుండా ఆపడానికి. కానీ చప్పుడును ఆపే ఆ మెత్తదనమే బలం పడితే లొంగుతుంది. యాక్సిలరేటర్ తొక్కినా, వదిలినా సబ్‌ఫ్రేమ్ మొత్తం బాడీ కింద కాస్త మెలి తిరుగుతుంది, దాంతో పాటు చక్రాలూ తిరుగుతాయి. స్టీరింగ్ తిప్పాక వెనక భాగం ఆలస్యంగా స్పందిస్తున్నట్టు అనిపించేది అందుకే. పాత బుష్ ఊడదీసి చూడండి: రబ్బరు చీలి, నడిమి ఇనుప గొట్టం ఒక పక్కకు ఒరిగి ఉంటుంది.

ఏది వేయాలి? ముందు కంపెనీ రకం కొత్త రబ్బరు సంగతి ఆలోచించండి. అరిగిన బుష్ తీసి గట్టిది వేసి "ఎంత తేడా!" అంటారు గానీ, అందులో చాలా భాగం కొత్తదనం వల్లే వస్తుంది. ఇంకా బిగువు కావాలంటే పాలీయురెథేన్ మంచి ఎంపిక. ఆర్మ్‌లలో అది పట్టేసి కిర్రుమనే ప్రమాదం ఉంది, ఎందుకంటే అక్కడ బుష్ తిరగాలి. సబ్‌ఫ్రేమ్ దగ్గర తిరిగే పని లేదు. అల్యూమినియం బుష్‌లు మాత్రం ట్రాక్ మీద పరిగెత్తే కారుకే. రోజూ నడిపే కారులో డిఫరెన్షియల్ ఏడుపు నేరుగా చెవిలో పడుతుంది. రోడ్డు కారుకైతే సబ్‌ఫ్రేమ్‌కు పాలీయురెథేన్ వేసి, డిఫరెన్షియల్ మౌంట్లను రబ్బరుగానే వదిలేయమంటాను. టైరు పట్టు పెరుగుతుందని మాత్రం ఆశపడవద్దు. మారేది స్పందన.

ఇంతకంటే ముఖ్యమైన మాట ఒకటుంది. 1998-2006 మధ్య అమ్మిన ఈ కార్లలో సబ్‌ఫ్రేమ్ బిగించే చోట బాడీ రేకు పగలడం, స్పాట్ వెల్డింగులు ఊడడం పేరుమోసిన జబ్బు. సబ్‌ఫ్రేమ్ దించినప్పుడు ఆ చోట మట్టి, పూత గీకేసి, లైటు పెట్టి చూడాలి. పగులు కనిపిస్తే ముందు దాన్ని బాగుచేయించి, ఉక్కు పలకలు వెల్డింగ్ చేయించాలి. పగిలిన రేకు కింద గట్టి బుష్ పెడితే, రబ్బరు మింగే దెబ్బలు కూడా ఆ రేకు మీదే పడతాయి.

పాత బుష్‌ను సుత్తితో కొట్టి, రబ్బరు కాల్చి తీసే మెకానిక్‌లు ఉన్నారు. అలా చేయనివ్వకండి. మర బోల్టుతో లాగే పుల్లర్ వాడాలి. కంపెనీ రబ్బరు బుష్‌లో ఖాళీలు ఉంటాయి. ఏ దిక్కున మెత్తగా, ఏ దిక్కున గట్టిగా ఉండాలో నిర్ణయించేవి అవే, కాబట్టి గుర్తు చూసి సరైన వైపుకు తిప్పి నొక్కాలి. బోల్టులు టార్క్ రెంచితో, కంపెనీ చెప్పిన కొలతకే బిగించాలి. సబ్‌ఫ్రేమ్ కాస్త జరిగి కూర్చునే వీలుంది గనక, పని అయ్యాక నాలుగు చక్రాల అలైన్‌మెంట్ మళ్లీ చేయించండి.