ఆ మైనింగ్ వేరు, మన మైనింగ్ వేరు
(ప్రీతి కాసిరెడ్డి గారి ఉద్యోగ ప్రయాణం – క్రిప్టో కరెన్సీ సంగతులు)

మైనింగ్ అంటే ఏమిటో సెంటినరీ కాలనీ పిల్లలకు ఎవరూ చెప్పనవసరం లేదు. నాన్న ఫస్ట్ షిఫ్టు బాయి మీదికి పోతే మైనింగ్. ఓసీపీలో బ్లాస్టింగ్ జరిగి కిటికీ రెక్కలు కదిలితే మైనింగ్. సింగరేణి బొగ్గు తవ్వకం 1889లో ఇల్లందులో మొదలై నూరేళ్ళు నిండిన గుర్తుగానే మన కాలనీకి ఈ పేరు వచ్చింది. అయితే గత కొన్నేళ్ళుగా పేపర్లలో, సెల్ ఫోన్లలో ఇంకో మైనింగ్ మాట వినబడుతోంది. అదే బిట్‌కాయిన్ మైనింగ్. సెలవులకు ఇంటికి పోతే, "కాయిన్లలో పెడితే రెట్టింపు అవుతుందట, నిజమేనా? మీరు చదువుకుంటున్నరు కదా, చెప్పండి" అని చుట్టాలు అడుగుతున్నారు. మాకు తెలియదని చెప్పి తప్పించుకోవడం బాగుండదనిపించి, ఈ సంచిక కోసం మేము కొంత చదివాం. చదువుతుంటే మా దృష్టిని ఆకర్షించిన పేరు ప్రీతి కాసిరెడ్డి. కాసిరెడ్డి అనేది మన తెలుగు ఇంటిపేరే కదా!

మిత్రులారా, ప్రీతి గారు అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఇండస్ట్రియల్ అండ్ సిస్టమ్స్ ఇంజనీరింగ్ చదివారు. చదివింది ఇంజనీరింగే అయినా మొదట చేరింది కంప్యూటర్ ఉద్యోగంలో కాదు. గోల్డ్‌మన్ శాక్స్ అనే పెద్ద బ్యాంకులో పనిచేశారు. ఆ తరువాత ఆండ్రీసన్ హోరోవిట్జ్ అనే సంస్థలో చేరారు. కొత్త కంప్యూటర్ కంపెనీలలో ఎవరికి పెట్టుబడి ఇవ్వాలో నిర్ణయించే సంస్థ అది. అటువంటి కుర్చీ దొరికితే ఎవరూ వదలరు. ఆమె వదిలేశారు. ఇతరులు తయారు చేసే వస్తువును చూసి మార్కులు వేయడం కంటే తానే తయారు చేయాలనే కోరిక బలపడి, శాన్ ఫ్రాన్సిస్కోలో హ్యాక్ రియాక్టర్ అనే శిక్షణ సంస్థలో విద్యార్థినిగా చేరి జావాస్క్రిప్ట్ మొదలైనవి నేర్చుకున్నారు. పెద్ద జీతం వదిలి మళ్ళీ క్లాసు బల్ల మీద కూర్చోవడమంటే మాటలు కాదు. ఆ చదువు తరువాతే కాయిన్‌బేస్ అనే క్రిప్టో కరెన్సీ కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా పని మొదలుపెట్టారు. 2018లో ట్రూస్టోరీ అనే సొంత సంస్థను స్థాపించి దానికి అధిపతి అయ్యారు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ కంపెనీలలో ఇంజనీర్లు చేసే పని ఏమిటో తెలియాలంటే ముందు ఆ కాయిన్ ఏమిటో తెలియాలి.

మన మెస్‌లో స్టాక్ రిజిస్టరు ఉంటుంది. బియ్యం ఎన్ని బస్తాలు వచ్చాయి, ఎన్ని వాడారు అనేది అందులో రాస్తారు. ఆ రిజిస్టరు ఒక్కరి దగ్గరే ఉంటుంది కాబట్టి ఆ ఒక్కరి నిజాయితీ మీదనే లెక్క నడుస్తుంది. బ్యాంకులో మన డబ్బు కూడా ఇంతే, వాళ్ళ పుస్తకంలో రాసిన అంకె. అలా కాకుండా హాస్టల్లో ప్రతి రూముకూ రిజిస్టరు కాపీ ఒకటి ఇచ్చి, ఏది రాసినా అన్ని కాపీలలో ఒకేసారి రాయాలని నియమం పెట్టామనుకోండి. అప్పుడు ఒక రూము వాళ్ళు దొంగతనంగా 5ను 8గా దిద్దినా మిగిలిన రూముల పుస్తకాలు వాళ్ళను పట్టిస్తాయి. సతోషి నకమోటో అనే మారు పేరుతో ఎవరో 2008 అక్టోబర్ 31న విడుదల చేసిన వ్యాసంలోని ఆలోచన ఇదే. 2009 జనవరి 3న ఆ పుస్తకంలో మొదటి పేజీ పడింది. ఆ పేజీనే బ్లాక్ అంటారు, పేజీల వరుసను బ్లాక్‌చెయిన్ అంటారు.

పేజీలు ఎందుకు విడిపోవు అనేది మాకు చాలా ఆలస్యంగా అర్థమైన భాగం. ప్రతి పేజీకి ఒక ముద్ర ఉంటుంది. షా-256 అనే గణిత పద్ధతి ఆ పేజీలో ఉన్నదంతా తీసుకుని 64 అక్షరాలు, అంకెలు గల ఒక వరుసను ఇస్తుంది. పేజీలో ఒక్క కామా మార్చినా ఆ వరుస మొత్తం వేరే అయిపోతుంది. పేజీని చూసి ముద్ర కట్టడం క్షణంలో పని, ముద్రను చూసి పేజీని కనుక్కోవడం మాత్రం జరగని పని. ఒక పేజీ ముద్రను తరువాతి పేజీ తలమీద రాస్తారు. కాబట్టి పాత పేజీని దిద్దినవాడు దాని తరువాతి పేజీలన్నింటినీ మళ్ళీ రాసుకోవాలి.

మరి కొత్త పేజీ రాసే హక్కు ఎవరిది? ఇక్కడే మైనింగ్ వస్తుంది. ముద్ర మొదట్లో ఇన్ని సున్నాలు ఉండాలని నియమం. అటువంటి ముద్ర వచ్చేదాకా కంప్యూటర్లు పేజీలో ఒక అంకెను మార్చి మార్చి చూస్తూనే ఉంటాయి. తెలివితో దొరికేది కాదు, కోట్ల కోట్లసార్లు ప్రయత్నిస్తే తగిలేది. ముందు తగిలినవాళ్ళు పేజీ రాస్తారు, బహుమానంగా కొత్త బిట్‌కాయిన్లు పొందుతారు. సుమారు 10 నిమిషాలకు ఒక పేజీ. 2009లో పేజీకి 50 బిట్‌కాయిన్లు వచ్చేవి. సుమారు నాలుగేళ్ళకోసారి సగం అవుతూ 2024 ఏప్రిల్ నుండి 3.125 వస్తున్నాయి. మొత్తం 2 కోట్ల 10 లక్షలకు మించి పుట్టవు. సీము తరుగుతున్నకొద్దీ బొగ్గు తక్కువ వస్తుంది కదా, ఇదీ అలాంటిదే.

పోలిక అక్కడితో ఆగలేదు. ఆ కంప్యూటర్లకు కరెంటు కావాలి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వారు 2025లో ఇచ్చిన అంచనా ప్రకారం బిట్‌కాయిన్ మైనింగ్ ఏడాదికి సుమారు 13,800 కోట్ల యూనిట్లు తింటుంది. మన రామగుండం ఎన్.టి.పి.సి. పాత ఏడు యూనిట్లు కలిపి 2,600 మెగావాట్లు. అటువంటి స్టేషన్లు ఆరు, ఒక్క గంట ఆగకుండా ఏడాదంతా నడిస్తే ఆ లెక్క వస్తుంది! మన నాన్నలు తవ్వే బొగ్గుతో ఊళ్ళకు వెలుగు వస్తుంది. దేశదేశాల బొగ్గులో ఎంతో కొంత ఇలా అంకెల వేటలో కాలిపోవడం మాకైతే మింగుడు పడలేదు. ఈ విమర్శ ఇంజనీర్లకూ తగిలింది. ఎథీరియం అనే మరో పెద్ద నెట్‌వర్కు వాళ్ళు 2022 సెప్టెంబర్ 15న ఈ తవ్వకం పద్ధతినే మానేశారు. పేజీ రాయదలచినవాళ్ళు తమ కాయిన్లను పూచీగా పెట్టాలి, తప్పు రాస్తే పూచీ పోతుంది. దీనితో వాళ్ళ కరెంటు వాడకం 99 శాతానికి పైగా తగ్గింది. నడుస్తున్న యంత్రాన్ని ఆపకుండా ఇంజను మార్చినంత పని అది.

కాయిన్‌బేస్ వంటి కంపెనీ పని వేరు. 2012లో పుట్టి, 2021 ఏప్రిల్‌లో అమెరికా షేర్ మార్కెట్లో నమోదైన ఈ కంపెనీ జనం కాయిన్లు కొనడానికి, అమ్మడానికి, దాచుకోవడానికి వీలు కల్పిస్తుంది. దాచడమంటే కాయిన్‌ను బీరువాలో పెట్టడం కాదు. కాయిన్‌కు యజమాని అని నిరూపించే రహస్య సంఖ్య ఒకటి ఉంటుంది, దాన్ని తాళంచెవి అంటారు. ఆ తాళంచెవి ఎవరి చేతిలో ఉంటే కాయిన్ వారిది. పోగొట్టుకుంటే బ్యాంకు మేనేజరు దగ్గరికి పోయి దరఖాస్తు పెట్టుకునే అవకాశం లేదు. అందుకని ఎక్కువ భాగం తాళంచెవులను ఇంటర్నెట్‌కు తగలని చోట భద్రపరుస్తారు. ఈ భద్రతలో ఇంజనీర్లు ఏమరితే ఏమవుతుందో చరిత్రలో ఉంది. జపాన్‌లోని మౌంట్ గాక్స్ అనే సంస్థ సుమారు 8,50,000 బిట్‌కాయిన్లు పోయాయని ప్రకటించి 2014లో దివాలా తీసింది. మన దేశంలో వజీర్ఎక్స్ నుండి 2024 జులైలో సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన కాయిన్లు దొంగలపాలయ్యాయి.

ప్రోగ్రాము రాయడంలో ఒక్క వరుస తారుమారైతే ఏమవుతుందో చెప్పే సంగతి ఇంకొకటుంది. ఎథీరియంలో డబ్బు మాత్రమే కాదు, ఒప్పందాలను కూడా ప్రోగ్రాము రూపంలో రాయవచ్చు. 2016లో ది డావో అనే ఒప్పందంలో జనం సుమారు 15 కోట్ల డాలర్ల విలువైన ఈథర్ జమచేశారు. ఆ ప్రోగ్రాము అడిగినవారికి ముందు డబ్బు ఇచ్చి, తరువాత ఖాతాలో తగ్గించి రాసేది. రేషన్ షాపులో డీలరు బియ్యం ముందు పోసి కార్డు మీద తరువాత రాస్తాడనుకోండి. రాసేలోపే మళ్ళీ సంచి చాపితే? మళ్ళీ పోస్తాడు. ఇంకా రాయలేదు కదా! 2016 జూన్‌లో ఎవరో ఇలాగే సంచి చాపుతూ సుమారు 36 లక్షల ఈథర్లు లాగేశారు. జులైలో పుస్తకాన్నే రెండు శాఖలుగా చీల్చి ఆ డబ్బును వెనక్కు తేవాల్సి వచ్చింది. ముందు రాసి తరువాత ఇవ్వాలి. ఈ చిన్న వరుస తెలియడమే ఇంజనీరు విలువ.

ఇటువంటి కాలంలోనే, 2017 సెప్టెంబర్‌లో, ప్రీతి గారు ఎథీరియం అసలు ఎలా పనిచేస్తుందో వివరిస్తూ ఒక పెద్ద వ్యాసం రాశారు. సాంకేతిక పత్రం చదవలేక వదిలేసిన ఎందరో ఆ వ్యాసంతో విషయం తెలుసుకున్నారు. ఆమె చేసిన ఉద్యోగాలన్నింటికంటే మాకు ఇదే గొప్పగా తోచింది. తాను కష్టపడి ఎక్కిన మెట్లను పక్కవాళ్ళకు చూపడం అందరూ చేసే పని కాదు. ట్రూస్టోరీ ఉద్దేశం కూడా ఇటువంటిదే. ఎవరైనా ఒక మాట అంటే, అది నిజమా కాదా అన్నదానికి జనం పూచీ పెట్టి వాదించే వేదిక. తరువాత డ్యాప్‌క్యాంప్ పేరుతో బ్లాక్‌చెయిన్ ప్రోగ్రామింగ్ శిక్షణ కూడా ఇచ్చారు.

ఇప్పుడు చుట్టాలు అడిగిన ప్రశ్న. దీనికి జవాబు ఇంకో మహిళ కథలో ఉంది. రుజా ఇగ్నతోవా అనే ఆమె 2014లో బల్గేరియాలో వన్‌కాయిన్ అనే కంపెనీ పెట్టింది. లండన్‌లో పెద్ద సభ పెట్టి బిట్‌కాయిన్‌ను మించిపోతామంది. చేరినవాళ్ళు మరికొందరిని చేర్పిస్తే కమీషన్. చివరికి తేలిందేమిటంటే, అందులో బ్లాక్‌చెయినే లేదు! మామూలు కంప్యూటర్ పట్టికలో అంకెలు పెంచుకుంటూ పోయారు. 400 కోట్ల డాలర్లకు పైగా జనం నష్టపోయారు. 2017 అక్టోబర్‌లో ఆమె విమానం ఎక్కి మాయమైంది. 2022లో అమెరికా ఎఫ్.బి.ఐ. ఆమె పేరును పదిమంది ముఖ్య నేరస్తుల జాబితాలో చేర్చింది. దీన్ని ముందుగా బయటపెట్టిన వారిలో ఒకరు నార్వే దేశపు ఇంజనీరు బియోర్న్ బియర్కె. 2016లో ఆయనకు పెద్ద జీతంతో ఉద్యోగం ఇవ్వజూపారు. ఏం పని అని అడిగితే, బ్లాక్‌చెయిన్ తయారు చేసి ఇమ్మన్నారట. అంటే అప్పటిదాకా అమ్మింది ఏమిటి?

కాబట్టి ఎవరైనా మీ ఇంటికి వచ్చి కాయిన్ పథకం చెబితే, మీ పుస్తకం ఎక్కడుంది, అందరూ చూడవచ్చా, ఇంకొకరిని చేర్పిస్తేనే లాభమా అని అడగండి. రిటైర్ అయినప్పుడు వచ్చిన పి.ఎఫ్., గ్రాట్యుటీ డబ్బులున్న ఇళ్ళు మన దగ్గర చాలా ఉన్నాయి, వాళ్ళ దగ్గరికే ఈ ఏజెంట్లు ముందు వస్తారు. మన దేశంలో క్రిప్టో చెల్లుబాటయ్యే కరెన్సీ కాదు. కొనడం నేరమూ కాదు. 2018లో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు పెట్టిన ఆంక్షను 2020 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టివేసింది. 2022 ఏప్రిల్ నుండి లాభం మీద 30 శాతం పన్ను ఉంది. అసలైన బిట్‌కాయిన్ కూడా ధర ఒక్క ఏడాదిలో సగానికి పైగా పడిపోయిన సందర్భాలున్నాయి.

చెల్లెళ్ళకు ఒక మాట. మన గనుల్లో భూగర్భంలోకి దిగి పనిచేయడం ఆడవాళ్ళకు 1952 గనుల చట్టం కింద నిషేధంగా ఉండేది. 2019లో కేంద్ర ప్రభుత్వం సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాలకు సడలింపు ఇచ్చింది. కంప్యూటర్ రంగంలో అటువంటి చట్టం ఎన్నడూ లేకపోయినా వెళ్ళినవాళ్ళు తక్కువే. ఆ తక్కువమందిలో విజయవాడ అమ్మాయి పద్మశ్రీ వారియర్ ఒకరు. ఢిల్లీ ఐ.ఐ.టి.లో కెమికల్ ఇంజనీరింగ్ చదివి, 1984లో మోటరోలాలో చేరి, అదే కంపెనీకి 2003లో చీఫ్ టెక్నాలజీ ఆఫీసర్ అయ్యారు, తరువాత సిస్కోలో అదే హోదా. చదివింది కెమికల్, ఎదిగింది ఎలక్ట్రానిక్స్‌లో. ప్రీతి గారిదీ ఇదే తీరు. ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకున్నామో దానితోనే జీవితం ముగిసిపోదని మాకు ధైర్యం వచ్చింది.

మన దగ్గర దారులు లేకపోలేదు. పదవ తరగతి తరువాత పాలిసెట్, బాసర ట్రిపుల్ ఐటీ, ఇంటర్ తరువాత ఎప్‌సెట్. మంథని జె.ఎన్.టి.యు. ఇంజనీరింగ్ కాలేజీ 2010 నుండి మన కాలనీ పక్కనే ఉంది. ఎథీరియం ఒప్పందాలు రాసే భాష పేరు సాలిడిటీ. రీమిక్స్ అనే ఉచిత పరికరాన్ని మామూలు కంప్యూటర్లో తెరిచి, విలువలేని పరీక్ష కాయిన్లతో ప్రయోగాలు చేయవచ్చు. ఒక్క రూపాయి పెట్టనక్కర లేదు.

ప్రీతి గారి వ్యాసం ఇంగ్లీషులో ఉంది. ఆదివారం స్టడీ అవర్‌లో డిక్షనరీ పక్కన పెట్టుకుని కొంచెం కొంచెంగా చదివి, తెలుగులో నోట్సు రాసుకుంటున్నాం. గ్యాస్ అనే అధ్యాయం దగ్గర ఆగాం. ఆ గ్యాస్ మెస్‌లోని సిలిండరూ కాదు, బాయిలో భయపెట్టేదీ కాదు. ప్రోగ్రాము ఒక్కో అడుగు నడవడానికి కట్టే రుసుము. ఆగని ప్రోగ్రాము రాసి నెట్‌వర్కును స్తంభింపజేసేవాళ్ళను ఆపడానికి పెట్టారు, డబ్బు అయిపోతే ప్రోగ్రాము ఆగిపోతుంది. ఇక్కడి వరకు రాసిన నోట్సు లైబ్రరీ బీరువాలో పై అరలో ఉంది. మిగతా భాగం తొమ్మిదో తరగతి వాళ్ళు అందుకుంటామన్నారు.