తృణబీజముల నిద్ర

పశుపోషణము చేయు గృహస్థులు మమ్ము తరచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. "క్రొత్తగా కోసిన గడ్డివిత్తనము చల్లితిమి, వాన కురిసినది, మొలక రాలేదు. విత్తనము చచ్చినదా?" సమాధానము తెలియక పొలమును తిరిగి దున్నివైచువారు కలరు. అట్టివారి పశువులకు ఆ ఏడు మేత కరవగును. కావున ఈ విషయమును విచారింతము.

మొలవని గింజ యెల్ల మృతబీజము కాదు. మరణము వేరు, నిద్ర వేరు. అంజన్ గడ్డిని దృష్టాంతముగా గైకొందము. రాజస్థాన్, గుజరాత్ మెట్టభూములలో ఇది పశువులకు మేలైన మేత. దీని గింజ నూగుతో గూడిన పొట్టులో నుండును. అప్పుడే రాలిన గింజలలో పెక్కు తడి తగిలినను మొలవవు. అకాలమున కురిసిన ఒక్క జల్లుకే అన్నియు మొలచినచో, పిదప ఎండకు అన్నియు మాడిపోవును. కనుక ఈ నిద్ర లోపము కాదు, రక్షణము.

దీనికి కారణములు రెండు. వెలుపలి పొట్టు మొలకను అడ్డగించును. లోపల అబ్‌సిసిక్ ఆమ్లమను ద్రవ్యము అంకురమును నిలిపియుంచును. పొడిగా నిలువయున్న గింజలో ఈ నిరోధము క్రమముగా సడలును. అటుపిమ్మట తడి తగిలినప్పుడు జిబ్బరెల్లిన్ అను ద్రవ్యము ప్రేరేపింపగా, గింజలోని పిండి చక్కెరగా మారి మొలకకు ఆహారమగును. మొదట వేరు, పిదప మొలక వెలువడును.

ఇక ఆచరణము. క్రొత్తగింజను 6 నెలలు మొదలు ఏడాది వరకు పొడిగా, నీడపట్టున నిలువ చేయవలెను. ఏండ్ల తరబడి ఉంచినచో నిద్రతోపాటు ప్రాణమును పోవును. విత్తుటకు ముందు కొన్ని పొట్టులను అరచేత నలిపి చూడవలెను. కొన్నింట గింజయే యుండదు, అవి తాలు. పిదప 100 గింజలను తడిగుడ్డపై పరచి, తడి యారనీయక మూడు నాలుగు వారములు చూచి, మొలచినవానిని లెక్కింపవలెను. మొలవనివానిని వ్రేలితో నొక్కవలెను. మెత్తబడి బూజుపట్టినది మృతము. గట్టిగా నున్నది నిద్రలో నుండవచ్చును, దానిని మరికొంతకాలము నిలువయుంచి చూడవలెను. విత్తులోతు సుమారు 1 సెంటీమీటరు చాలును. చిన్నగింజలోని ఆహారము స్వల్పమగుటచే, లోతునుండి పైకి వచ్చు శక్తి దానికి లేదు.

మేము చెప్పునది ఒక్కటే. పరీక్షింపక గింజను నిందింపరాదు, తొందరపడి పొలమును చెరుపరాదు. కాలమెరిగి విత్తినవాని శ్రమ వ్యర్థము కాదు.