హెడ్‌ఫోన్ కొలతలు: గ్రాఫును చదవడమెలా?

హెడ్‌ఫోను పెట్టె మీద సాధారణంగా ‘20 నుండి 20,000 హెర్ట్జ్’ అని అచ్చు వేసి ఉంటుంది. మనిషి చెవి వినగల పరిధి కూడా ఇంచుమించు అంతే కనుక ఇక లోపమేమీ లేదనిపిస్తుంది. నిజానికి ఆ అంకెలు చెప్పేది చాలా తక్కువ. ఆ పరిధిలో ఏ స్వరం ఎంత బిగ్గరగా వినిపిస్తుందో అవి చెప్పవు. ఆ సంగతి తెలిపేది పౌనఃపున్య స్పందన గ్రాఫు. దానిని చదవడం తెలియకపోతే, మంచి సాధనాన్ని కాదని చెవికి శ్రమ కలిగించే సాధనాన్ని ఇంటికి తెచ్చుకునే ప్రమాదం ఉన్నది.

రెండు అక్షాలు

గ్రాఫులో అడ్డంగా పౌనఃపున్యం, నిలువుగా శబ్ద తీవ్రత ఉంటాయి. అడ్డగీత మీద 100 నుండి 200 వరకు ఎంత దూరమో, 1,000 నుండి 2,000 వరకు కూడా అంతే దూరం. సంగీతజ్ఞులకు ఇది వింత కాదు. ఒకటవ శ్రుతిలో పాడే గాయకుని మధ్యస్థాయి షడ్జం సుమారు 131 హెర్ట్జ్. తారస్థాయి షడ్జం దానికి రెట్టింపు, 262. గ్రాఫు కూడా స్థాయిల లెక్కనే అనుసరిస్తుంది. మన వినికిడి పరిధిలో ఇమిడేవి దాదాపు పది స్థాయిలు. నిలువుగీత మీద 10 డెసిబెళ్ళు పెరిగితే శబ్దం సుమారు రెట్టింపు బిగ్గరగా తోస్తుంది.

గీత సమంగా ఉండాలా?

సమరేఖే ఉత్తమమని తొలిచూపులో అనిపిస్తుంది. అది పొరపాటు. చెవి రంధ్రం నుండి కర్ణభేరి వరకు గల నాళం పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు. ఒక చివర మూసిన వెదురు గొట్టంలో ఊదితే ఒక స్వరం పలికినట్లే, ఈ నాళం సుమారు 3,000 హెర్ట్జ్ వద్ద అనునాదం చెందుతుంది. చెవిదొప్ప కూడా తోడై, ఎదుటి మనిషి కంఠంలోని ఆ భాగం కర్ణభేరిని చేరేసరికి 10 డెసిబెళ్ళకు పైగా హెచ్చుతుంది. మెదడు దీనికి అలవాటు పడి ఉన్నది. హెడ్‌ఫోను చెవిని కప్పి ఈ సహజక్రమాన్ని మారుస్తుంది కనుక, ఆ హెచ్చును తానే సమకూర్చాలి. లేనిచో మాటలు దుప్పటి చాటు నుండి వచ్చినట్లుంటాయి.

ఈ కొలతకు కర్ణభేరి స్థానంలో మైక్రోఫోను అమర్చిన కృత్రిమ చెవిని వాడతారు. మంచి గదిలో మంచి స్పీకర్లు వినిపించే తీరుకు దగ్గరగా ఉన్న స్పందననే శ్రోతలు మెచ్చుకున్నారని హార్మన్ సంస్థ పరిశోధకులు షాన్ ఆలివ్, టాడ్ వెల్టి 2013లో ప్రకటించారు. ఇటువంటి లక్ష్యరేఖను ముందే తీసివేసి, తేడాను మాత్రమే చూపే గ్రాఫులు కూడా ఉన్నవి. వాటిలో మాత్రం సమరేఖే మేలు. కనుక గ్రాఫు ఏ రకానిదో మొదట చూసుకోవాలి.

ఎంతవరకు నమ్మవచ్చు?

8,000 హెర్ట్జ్‌కు పైన కనిపించే సన్నని శిఖరాలు, లోయలు చెవి ఆకారాన్ని, హెడ్‌ఫోను పెట్టిన తీరును బట్టి మారుతుంటాయి. కళ్ళజోడు కాడ వల్ల సందు ఏర్పడితే, గ్రాఫులో నిండుగా ఉన్న మంద్రస్వరాలు చెవికి అందవు. వేర్వేరు పరికరాలతో తీసిన గ్రాఫులను పోల్చరాదు. అందుచేత చిన్న గీతలను వదలి విశాలమైన ఎత్తుపల్లాలనే చూడడం వివేకం.

గ్రాఫు చెప్పని సంగతి ఒకటున్నది: మనం ఎంత బిగ్గరగా వింటున్నామన్నది. మాట స్పష్టంగా లేని సాధనంలో ఎవరైనా శబ్దం పెంచుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2018లో రూపొందించిన ప్రమాణం ప్రకారం, వారానికి 40 గంటలు వినేందుకు పెద్దలకు 80 డెసిబెళ్ళు, పిల్లలకు 75 డెసిబెళ్ళు పరిమితి. ఆపై 3 డెసిబెళ్ళు పెంచితే వినదగిన కాలం సగమవుతుంది. లోపలి చెవిలోని సూక్ష్మ రోమకణాలు ఒకసారి నశిస్తే మనుషులలో తిరిగి మొలవవు. హెడ్‌ఫోనునైతే మార్చుకోవచ్చు, చెవిని మార్చుకోలేము.