కొబ్బరి పాదులోని కనరాని కాపరులు

కోనసీమవారు కొబ్బరిచెట్టును ఇంటికి పెద్దకొడుకని చెప్పుకొందురు. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో ఈ పెద్దకొడుకు సంపాదనపైనే ఎన్నో కుటుంబములు నిలిచియున్నవి. అట్టి చెట్టు నడివయసున సిగతెగులుచే కూలినచో పోవునది ఆ యేటి కాపు మాత్రమే కాదు. మున్ముందు పదుల యేండ్లు రావలసిన రాబడి యంతయు పోవును.

ఈ తెగులునకు మూలము గానోడెర్మా అను శిలీంధ్రము. అది నేలలోనుండి వేళ్లలోనికి ప్రవేశించి, మెల్లగా కాండమును కుళ్లించును. మొదటినుండి ఎరుపు గోధుమవన్నె ద్రవము కారును. క్రింది ఆకులు వాలిపోవును. కాయలు తగ్గును. తుదకు చెట్టు మొదట గట్టి పుట్టగొడుగు లేచును. అది కంటబడునప్పటికే వ్యాధి లోపల చాలకాలముగా పాతుకొనియుండును.

అయితే శిలీంధ్రములన్నియు శత్రువులు కావు. ఈ శత్రువునకు పగవాడును శిలీంధ్రమే. ట్రైకోడెర్మా అను పచ్చని బూజు ఇతర శిలీంధ్రముల పోగులను చుట్టుకొని, వాని గోడలను కరగించి, ఆహారముగా గ్రహించును. అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధనా కేంద్రము కొబ్బరి తెగుళ్ల విషయమున చిరకాలముగా కృషి చేయుచున్నది. చెట్టొకటికి 50 గ్రాముల ట్రైకోడెర్మా విరిడిని 5 కిలోల వేపపిండితో కలిపి ఏటేట పాదులో వేయుట నేడు రైతులకు చెప్పుచున్న పద్ధతి. వేపపిండి ఆ బూజునకు ఆహారమును, ఆశ్రయమును అగును.

రెండవ మిత్రుడు మైకోరైజా. 1885లో జర్మను శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్ ఈ పేరు పెట్టెను. వేరును శిలీంధ్రమును కలిసి చేయు కాపురమే మైకోరైజా. చెట్టు తాను వండిన చక్కెరలో కొంత ఇచ్చును. శిలీంధ్రము వేరు చేరలేని సందులలోనికి సన్నని పోగులను చాచి భాస్వరమును తెచ్చిపెట్టును. కొబ్బరివేళ్లకు నూగువంటి మూలకేశములు లేవు. కావున ఈ సహాయము దానికి మరింత విలువైనది.

ఒకటి కావలి, వేరొకటి పోషణ. రెండును కలిపి వేసిన మేలు రెట్టింపగునా? అన్నివేళల కాదు. చాల పంటలలో ఈ జోడింపువలన మొక్కలు బాగుగ పెరిగినవి. కాని ట్రైకోడెర్మా స్వభావము ఇతర శిలీంధ్రములను తినుట. కొన్ని ప్రయోగములలో అది మైకోరైజా పోగులపైనను పడినది. కావున నారుమడిలోనో, నాటునప్పుడో మైకోరైజాను వేరునకు తగులునట్లు వేసి, అది కుదురుకొనిన పిమ్మట ట్రైకోడెర్మాను అందించుట వివేకము. మాగిన పశువుల ఎరువులో వేపపిండి కలిపి ట్రైకోడెర్మాను పెంచుకొనవచ్చును. మైకోరైజా మాత్రము బ్రతికియున్న వేరుపై తప్ప వృద్ధి చెందదు.

ఈ మిత్రులు నిలుచుటకు నేలయు అనుకూలింపవలెను. భాస్వరపు ఎరువు మితిమీరినచో చెట్టునకు మైకోరైజాతో పనియుండదు. బోర్డో మిశ్రమమువంటి శిలీంధ్రనాశకములు శత్రువును మిత్రుని ఎంచి చంపవు. కావున వానిని, ఈ బూజులను ఒకే సమయమున పాదులో వేయరాదు. నీరు నిలిచిన నేలలో గాలియాడక ఇవి క్షీణించును. 2011 ఖరీఫులో కోనసీమ రైతులు పంటవిరామము ప్రకటించినప్పుడు మురుగునీటి బాధయు వారి మొరలలో నొకటి. మురుగు తీయక బూజుపొడి చల్లుట వ్యర్థము.

ఒక్కమాట స్పష్టముగా చెప్పవలెను. మొదలు కుళ్లిపోయిన చెట్టును ఏ శిలీంధ్రమును బ్రతికింపలేదు. దానిని వేళ్లతోకూడ పెకలించి తొలగించి, ఒక పాదు నీరు వేరొక పాదునకు పారకుండ కట్టుదిట్టము చేయవలెను. ట్రైకోడెర్మాతో కాపాడుకొనవలసినది దాని చుట్టునున్న పచ్చని చెట్లను. ఆ పని పుట్టగొడుగు లేచినపిదప కాక, తోట కళకళలాడుచున్నప్పుడే మొదలుకావలెను.